గెల కోసిన తర్వాతి 24 గంటలు: పామాయిల్ సప్లై చైన్‌ను అక్కడి నుంచి బాగుచేయడం ఎలా

ఆయిల్ పామ్ గెల చెట్టు మీద నుంచి దబ్బున కింద పడిందంటే, దాన్ని మిల్లుకు చేర్చడానికి మీ చేతిలో ఉన్నది దాదాపు 24 గంటలు. పండు నలిగిన చోటల్లా లైపేజ్ అనే ఎంజైము పని మొదలుపెట్టి నూనెను ఫ్రీ ఫ్యాటీ యాసిడ్లుగా విడగొడుతూ పోతుంది, మిల్లులో ఆవిరి పెట్టి ఉడికించేదాకా ఆగదు. ముడి పామాయిల్‌లో ఆ యాసిడ్లు 5 శాతం దాటాయంటే కొనేవాళ్లు ధర తగ్గిస్తారు. గెల రెండు రోజులు తోటలో ఎండకు పడి ఉండి, మూడో రోజు లారీ ఎక్కి, మిల్లు గేటు దగ్గర ఇంకో పూట క్యూలో నిలబడిందనుకోండి, అప్పటికే రైతు కష్టంలో కొంత, మిల్లు లాభంలో కొంత పోయినట్టే.

పామాయిల్ సుస్థిరత అనగానే అందరూ అడవులు, ఒరాంగుటాన్లు, సర్టిఫికెట్లు అంటూ మొదలుపెడతారు. అవన్నీ ముఖ్యమే, కాదనను. కానీ సప్లై చైన్ నడిపే మనిషిగా మీరు మొదటి రూపాయి ఎక్కడ పెట్టాలి అని అడిగితే నా జవాబు ఒక్కటే: చెట్టుకూ మిల్లుకూ మధ్య ఉన్న ఆ మొదటి రోజు మీద పెట్టండి. అక్కడ పెట్టిన డబ్బు ఎక్కువ నూనెగా తిరిగి వస్తుంది. ఉన్న భూమిలోనే నూనె పెరిగితే కొత్త అడవి నరకాల్సిన ఒత్తిడి తగ్గుతుంది. ఏ గెల ఏ తోటది, ఎప్పుడు కోశారు, ఎవరు తెచ్చారు అని రాసుకునే అలవాటు కూడా అక్కడే మొదలవుతుంది, రేపు యూరప్ కొనుగోలుదారు అడిగే ట్రేసబిలిటీ అంటే చాలావరకు అదే.

ఈ పంటనే మానేస్తే పోదా అని అడిగేవాళ్లకు ఒక మాట. ఆయిల్ పామ్ హెక్టారుకు సగటున 3 నుంచి 4 టన్నుల నూనె ఇస్తుంది, సోయా అర టన్ను దాటడమే కష్టం. అంటే అదే నూనెను వేరే పంట నుంచి తీయాలంటే ఎన్నో రెట్లు భూమి కావాలి. ప్రపంచ పామాయిల్‌లో 85 శాతం దాకా ఇండోనేషియా, మలేషియాల నుంచే వస్తోంది, మొత్తం సాగులో సుమారు 40 శాతం చిన్న రైతుల చేతుల్లో ఉంది. బహిష్కరిస్తే దెబ్బ ముందు ఆ రైతుల మీదే పడుతుంది. కాబట్టి ఉన్నదాన్ని బాగుచేసుకోవడం గురించే మాట్లాడుకుందాం.

కోత దగ్గర ఏం మార్చాలి

ఒకసారి కలెక్షన్ సెంటర్‌లో పొద్దున్నే వెళ్లి నిలబడండి. లారీ వచ్చి గెలలు కుమ్మరించగానే మూడు విషయాలు చూడండి. ఒకటి, గెల రంగు. నల్లగా ఉండి ఒక్క పండు కూడా ఊడకుండా బిగుసుకుని ఉందంటే అది పచ్చి గెల. నూనె పండులో చేరేది చివరి వారాల్లోనే కాబట్టి ఆ గెలలో బరువు ఉంటుంది గానీ నూనె ఉండదు. రెండు, తొడిమ. అరచేతి పొడవు తొడిమ వదిలేసి కోశారంటే ఆ కట్టెకు కూడా మీరు డబ్బు ఇస్తున్నారు, పైగా ఉడికించేటప్పుడు అది నూనెను పీల్చుకుంటుంది. మూడు, రాలిన పండ్లు. గోనె సంచుల్లో విడిగా వచ్చాయా, అసలు రాలేదా, వస్తే ఇసుక, ఎండుటాకులు కలిసి వచ్చాయా? రాలిన పండు అంటే పూర్తిగా పండిన పండు. బరువుకు బరువు లెక్కేస్తే గెల మొత్తం మీద కంటే దాదాపు రెట్టింపు నూనె అందులో ఉంటుంది. దాన్ని చెట్టు పాదులోనే వదిలేసి రావడం కంటే పెద్ద నష్టం ఈ చైన్‌లో ఇంకోటి నాకు కనిపించలేదు.

రైతుకు ఇవన్నీ తెలియక కాదు. మీరు బరువుకు డబ్బు ఇస్తున్నంత కాలం ఆయన బరువే తెస్తాడు. పచ్చి గెల కోయడానికి ఆయన కారణాలు ఆయనకున్నాయి: డబ్బు అవసరం, పండేదాకా ఉంచితే దొంగలు కోసుకుపోతారన్న భయం, కోత కూలీలు మళ్లీ ఎప్పుడు దొరుకుతారో అన్న టెన్షన్. అందుకని ఉపన్యాసాలు మానేసి ధర లెక్క మార్చండి. పండిన గెలకు ఒక రేటు, పచ్చి గెలకు తగ్గించిన రేటు, శుభ్రంగా వచ్చిన రాలిన పండ్లకు అన్నిటికన్నా ఎక్కువ రేటు, ఈ మూడూ కలెక్షన్ సెంటర్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. గ్రేడింగ్ రైతు కళ్ల ముందే జరగాలి, ఆయన ఒప్పుకోకపోతే మళ్లీ చూసే ఏర్పాటు ఉండాలి. మిల్లు మనిషి లోపలికెళ్లి ఏదో శాతం రాసుకొచ్చి డబ్బులో కోత పెట్టాడంటే, మంచి గెల తెచ్చిన రైతు కూడా వచ్చే వారం పచ్చివే తెస్తాడు.

కోత విడత దాదాపు 10 రోజులకు ఒకసారి ఉండేలా చూడండి. విడత 20 రోజులకు జారితే కొన్ని గెలలు మురిగిపోతాయి, ఆ భయంతో కొన్నింటిని పచ్చిగానే కోసేస్తారు. చాలా చోట్ల విడత జారడానికి కారణం రైతు బద్ధకం కాదు, రోడ్డు. వానల్లో తోట దారి బురదైతే ట్రాక్టర్ దిగదు. కాబట్టి మిల్లు బడ్జెట్‌లో దారులకు కంకర, తూములు అనే పద్దు ఉండాలి, అది దానధర్మం కింద కాదు, ముడిసరుకు ఖర్చు కింద.

లెక్క ఎలా తేలుతుందో చూడండి. ఏడాదికి 2 లక్షల టన్నుల గెలలు ఆడే మిల్లు ఉందనుకుందాం. గెల బరువులో నూనె రాబడి 20 శాతం నుంచి 21 శాతానికి పెరిగితే, అదే గెలల నుంచి 2,000 టన్నుల నూనె అదనంగా వస్తుంది. కొత్త భూమి లేదు, కొత్త యంత్రం లేదు. గ్రేడింగ్, బోనస్, రోడ్లు అన్నీ అందులోంచే పెట్టుకున్నా ఇంకా మిగులుతుంది. సర్టిఫికెట్ ప్రీమియం, అంటే సర్టిఫై అయిన నూనెకు కొనేవాళ్లు ఇచ్చే అదనపు ధర వస్తే అది ఆ పైన.

ఏజెంట్‌ను తీసేయకండి, రిజిస్టర్ చేయండి

చిన్న రైతుకూ మిల్లుకూ మధ్య ఏజెంట్ ఉంటాడు. ట్రేసబిలిటీ పని మొదలుపెట్టగానే చాలా కంపెనీలకు వచ్చే మొదటి ఆలోచన ఆయన్ని పక్కకు తప్పించడం. నా ఉద్దేశంలో అది తప్పు. రైతు ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే రాత్రికి రాత్రి డబ్బు సర్దేది ఆ ఏజెంటే, ఎరువు అప్పుకు ఇచ్చేదీ ఆయనే, రెండు టన్నుల సరుకు కోసం బండి పంపేదీ ఆయనే. మిల్లు ఆ పనులేవీ చేయకుండా నేరుగా మాకే అమ్మండి అంటే ఎవరూ రారు, వచ్చినా నెల తిరక్కుండా వెనక్కి పోతారు.

ఆయన్ని లెక్కలోకి తీసుకోండి. ప్రతి ఏజెంట్‌కు ఒక నంబర్ ఇవ్వండి, ఆయన దగ్గర గెలలు పోసే రైతుల జాబితా తీసుకోండి, ఫోన్‌లో తూకం చీటీ నమోదు చేసే చిన్న యాప్ ఇవ్వండి. ఏ రైతు, ఎన్ని కిలోలు, ఏ తేదీ అని పూర్తిగా నమోదైన లోడుకు కమీషన్ కాస్త ఎక్కువ, వివరాలు లేని లోడుకు మామూలు కమీషన్. కొన్ని నెలల్లో జాబితా దానంతటదే నిండుతుంది. వివరాలు నింపని ఏజెంట్ ఎవరో, ఎందుకు నింపడం లేదో కూడా బయటపడుతుంది.

తర్వాత తోటల మ్యాపింగ్. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన అటవీ నిర్మూలన నిరోధక చట్టం ప్రకారం, అక్కడికి వెళ్లే పామాయిల్ 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి నరికిన భూమిలోంచి వచ్చి ఉండకూడదు. ప్రతి తోట ఎక్కడుందో చూపాలి, 4 హెక్టార్లు దాటిన తోటలకు చుట్టూ హద్దు గీసి ఇవ్వాలి, అంతకన్నా చిన్నవాటికి ఒక జీపీఎస్ పాయింట్ చాలు. దాని అమలును ఇప్పటికే ఒకటికి రెండుసార్లు వాయిదా వేశారు, అయినా ఆగి చూద్దాం అనుకోకండి, ఎందుకంటే మ్యాపింగ్ నిదానంగా సాగే పని, వేల మంది రైతుల తోటల చుట్టూ ఒక మనిషి నడవాలి. మిల్లుకు దగ్గరలో ఎప్పటినుంచో ఉన్న పాత తోటలను చివర్లో పెట్టుకుని, అడవి అంచున ఉన్నవి, పీట్ నేలల (కుళ్లిన మొక్కలతో ఏర్పడిన చిత్తడి నేలల) మీద ఉన్నవి ముందు చేయండి. ప్రమాదం ఉన్నది అక్కడే.

మ్యాపు ఒక్కటే నమ్ముకోకండి, పరిమాణం కూడా సరిచూడండి. రిజిస్టర్‌లో 2 హెక్టార్లు అని ఉన్న రైతు పేరు మీద ఏడాదిలో 100 టన్నుల గెలలు వచ్చాయంటే హెక్టారుకు 50 టన్నులు అన్నమాట, ఎంత బాగా చూసుకున్న తోటలోనైనా 30 టన్నులు వస్తేనే గొప్ప. అంటే ఇంకెవరి గెలలో ఆ పేరు మీద లోపలికి వస్తున్నాయి. పక్కింటి బావమరిది తోటవే కావచ్చు, కొత్తగా కాల్చిన అడవిలోవీ కావచ్చు. నెలకోసారి ఈ ఒక్క లెక్క తీసి, తేడా ఉన్న పేర్ల దగ్గరికి మనిషిని పంపండి.

తప్పు దొరికిన రైతును వెంటనే వెళ్లగొట్టాలా? ఇండోనేషియాలో ఎన్నో చిన్న తోటలు ప్రభుత్వ రికార్డుల్లో అటవీ భూమి కిందే ఉన్నాయి, రైతు అక్కడ ఏళ్ల తరబడి సాగు చేస్తున్నా సరే. వాళ్లను తీసేస్తే ఆ గెలలు ఏమీ అడగని పక్క మిల్లుకు వెళ్తాయి, అడవికి ఒరిగేదేమీ లేదు. కొత్తగా అడవి నరికినవాళ్ల విషయంలో మాత్రం కచ్చితంగా ఉండండి, కొనడం ఆపేయండి. పాత చిక్కులున్నవాళ్లకు పట్టా కాగితాలు సరిచేసుకోవడానికి సాయం, గడువు ఇవ్వండి. ఈలోగా ఆ సరుకును యూరప్ వెళ్లే నూనెలో కలవనీయకండి.

సర్టిఫికెట్: ఏది, ఎప్పుడు

పామాయిల్‌కు సుస్థిరత సర్టిఫికెట్ ఇచ్చే అంతర్జాతీయ సంస్థ ఆర్ఎస్‌పీఓ (రౌండ్‌టేబుల్ ఆన్ సస్టైనబుల్ పామ్ ఆయిల్) 2004లో మొదలైంది. దాని కింద నూనె అమ్మడానికి నాలుగు పద్ధతులున్నాయి. ఒకే మిల్లు సరుకును ఎక్కడా కలపకుండా చివరిదాకా తీసుకెళ్లేది ఐడెంటిటీ ప్రిజర్వ్‌డ్. సర్టిఫై అయిన మిల్లుల నూనెను ఒకదాంతో ఒకటి కలిపి, మామూలు నూనెతో మాత్రం కలపకుండా ఉంచేది సెగ్రిగేటెడ్. మామూలు నూనెతో కలిసినా, ఎంత కొన్నారో అంతే అమ్మారని పుస్తకంలో లెక్క చూపేది మాస్ బ్యాలెన్స్. నూనెతో సంబంధం లేకుండా క్రెడిట్లు, అంటే ఇంత సర్టిఫై అయిన నూనె తయారైందని చూపే కాగితాలు మాత్రమే కొనేది బుక్ అండ్ క్లెయిమ్. విడి ట్యాంకులు, విడి లారీలు ఖరీదు కాబట్టి కొత్తవాళ్లు మాస్ బ్యాలెన్స్‌తో మొదలుపెట్టడం మేలు. అయితే అక్కడే ఆగిపోతే యూరప్ చట్టానికి సరిపోదు, అడవి నరికిన భూమి నూనె ఒక్క చుక్క కలిసినా అది ఒప్పుకోదు.

చిన్న రైతుల కోసం ఆర్ఎస్‌పీఓ 2019లో వేరే ప్రమాణం తెచ్చింది, దాని గురించి చాలామందికి తెలియదు. రైతులు గ్రూపుగా చేరి దశలవారీగా పైకి వెళ్లొచ్చు, మొదటి దశలోనే తమ దిగుబడిలో 40 శాతానికి, రెండో దశలో 70 శాతానికి, మూడో దశలో మొత్తానికి క్రెడిట్లు అమ్ముకోవచ్చు. అన్నీ పూర్తయ్యాక డబ్బు అనకుండా మొదటి నుంచే కొంత చేతికి రావడం ఇందులో మంచి విషయం. గ్రూపును నడిపే మేనేజర్ జీతం మొదటి రెండేళ్లు మిల్లో, కొనే కంపెనీయో భరించాలి. రైతుల మీద వేస్తే గ్రూపు నిలబడదు. మలేషియాలో ఎంఎస్‌పీఓ, ఇండోనేషియాలో ఐఎస్‌పీఓ దేశ ప్రమాణాలు, అవి ఎలాగూ తప్పవు కాబట్టి ఆర్ఎస్‌పీఓ, మీ దేశ ప్రమాణం రెంటి ఆడిట్ కాగితాలనూ ఒకే ఫైలులో కలిపి తయారుచేసుకోండి.

ప్రీమియం గురించి గట్టిగా ఒక మాట చెప్పాలి. అది రైతుకు చేరకపోతే ఈ పనంతా వృథా. చీటీ మీద గెల ధర ఒక లైను, నాణ్యత బోనస్ ఒక లైను, సర్టిఫికెట్ ప్రీమియం ఒక లైను, ఇలా విడివిడిగా కనబడాలి. మొత్తంలో కలిపేసి ఇస్తే ధర పడిన నెలలో అది కనబడకుండా పోతుంది. నూనె కొనే కంపెనీలకు కూడా ఒక విన్నపం: మూడేళ్లకు ఇంత పరిమాణం కొంటామని రాసివ్వండి. సర్టిఫై చేయించిన నూనె చివరికి మామూలు నూనెగా అమ్ముకోవాల్సి వస్తే, ఆ మిల్లు రెండోసారి ఆడిట్‌కు ఎందుకు డబ్బు పెడుతుంది?

తోటలో దిగుబడి

ఇక్కడ ముందు విత్తనం సంగతి చూసుకోవాలి. ఆయిల్ పామ్‌లో డ్యూరా రకానికి లోపల పెంకు మందం, పిసిఫెరాకు పెంకే ఉండదు, రెంటినీ సంకరం చేస్తే వచ్చే టెనెరాకు పెంకు పల్చన, గుజ్జు ఎక్కువ, నూనె ఎక్కువ. నమ్మకం లేని నర్సరీలో చవగ్గా వస్తుందని కొన్న మొక్కల్లో డ్యూరాలు కలిసి ఉంటాయి. అది తెలిసేది మూడేళ్ల తర్వాత కాపు వచ్చి పండు కోసి చూసినప్పుడే, ఆ చెట్టేమో ఇంకో 20 ఏళ్లు నిలబడి తింటుంది. పెంకు మందాన్ని నిర్ణయించే జన్యువును 2013లో గుర్తించారు, కాబట్టి నర్సరీ దశలోనే ఆకు ముక్కతో పరీక్ష చేసే వీలుంది. రైతులకు మీరు చేయగల పెద్ద సాయాల్లో ఒకటి, నిజమైన టెనెరా మొక్కలు అప్పు మీద ఇవ్వడం. పాత తోటలు తీసి మళ్లీ నాటేటప్పుడు రెండు మూడేళ్లు ఆదాయం ఉండదు కదా, అందుకని తోట మొత్తం ఒకేసారి తీయించకుండా భాగాలుగా చేయించండి, వరసల మధ్య అంతర పంటలు వేయించండి.

ఎరువుల ఖర్చే తోటలో పెద్దది. ఊహతో వేయడం కంటే పై నుంచి లెక్కిస్తే 17వ మట్ట ఆకులు తీసి పరీక్ష చేయించి వేయడం మంచిది, లోకమంతా ఆయిల్ పామ్‌లో అనుసరించే పద్ధతి అదే. మిల్లులో మిగిలిన ఖాళీ గెలల్లో పొటాష్ బాగా ఉంటుంది, గెలలు దించి తిరిగి వెళ్లే లారీలో వాటిని రైతుకే పంపి తోటలో పరిపించండి, ఎరువూ తేమా రెండూ కలిసొస్తాయి.

పురుగుమందు విషయంలో ఒక కథ గుర్తుంచుకోవాలి. 1981కి ముందు మలేషియాలో ఆయిల్ పామ్‌కు కూలీలతో చేతులతో పరాగసంపర్కం చేయించేవారు. కామెరూన్ నుంచి ఎలాయిడోబియస్ కామెరూనికస్ అనే చిన్న ముక్కుపురుగును తెచ్చి వదిలాక ఆ ఖర్చంతా పోయింది, కాపు పెరిగింది. ఈ రోజుకీ గెల నిండేది ఆ పురుగు వల్లే. మగ పూలు విచ్చుకున్నప్పుడు చేతికొచ్చిన మందు కొట్టడమంటే, జీతం అడగకుండా పనిచేసేదాన్ని చంపుకోవడమే. ఎలుకలకు కూడా అంతే, మలేషియా తోటల్లో గుడ్లగూబలకు పెట్టెలు కట్టి పెంచుతారు.

మిల్లు వెనక చెరువు

100 టన్నుల గెలలు ఆడితే 20 టన్నుల నూనె, 5 టన్నుల గింజలు, 20 టన్నులకు పైగా ఖాళీ గెలలు వస్తాయి, వీటితోపాటు ఒక్క టన్ను నూనెకు రెండున్నర టన్నులకు తగ్గకుండా మురుగునీరు కూడా. ఆ నీటిని బయట చెరువుల్లో కుళ్లబెడితే మీథేన్ లేస్తుంది, వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే అది 28 రెట్లు ఎక్కువ వేడి పుట్టిస్తుంది. చెరువు మీద కవర్ వేసి గ్యాస్ పట్టుకుంటే మీ నూనె కార్బన్ లెక్క ఒక్కసారిగా దిగుతుంది. ఆ గ్యాస్‌తో కరెంటు చేయొచ్చు, అయితే డబ్బు పెట్టే ముందు ఆ కరెంటు ఎవరికి అమ్ముతారో తేల్చుకోండి. పీచు, పెంకు కాల్చి మిల్లు తన కరెంటు తానే చేసుకుంటుంది కాబట్టి, గ్రిడ్ దగ్గరలో లేకపోతే గ్యాస్‌ను ఊరికే మండించాల్సి వస్తుంది. అలాంటి చోట గ్యాస్‌ను బాయిలర్‌లో వాడుకుని, మిగిలిన పెంకును ఇంధనంగా అమ్ముకోవడం సులువైన దారి.

పనిచేసేవాళ్లు

2020లో అమెరికా కస్టమ్స్ మలేషియాకు చెందిన రెండు పెద్ద కంపెనీల పామాయిల్‌ను బలవంతపు చాకిరీ ఆరోపణలతో పోర్టుల్లో ఆపేసింది. ఉద్యోగం కోసం వలస కూలీలు చేసిన అప్పులు, యజమాని దగ్గర పెట్టుకున్న పాస్‌పోర్టులు, ఇవి ఎప్పటినుంచో ఈ రంగం మోస్తున్న మచ్చలు. మీ సప్లై చైన్‌లో కూలీ ఎవరికైనా రిక్రూట్‌మెంట్ ఫీజు కట్టాడేమో అడిగి, కట్టి ఉంటే తిరిగి ఇవ్వండి. పాస్‌పోర్టు తన తాళంతో తన లాకర్‌లో ఉండాలి.

ఇంకోటి మనసుకు బాధగా ఉండే విషయం. గెల కోసే మనిషికి టార్గెట్ పెట్టి గెలకింత అని ఇచ్చే చోట, రాలిన పండ్లు ఏరేది చాలాసార్లు ఆయన భార్య, పిల్లలు. వాళ్ల పేర్లు ఏ రిజిస్టర్‌లోనూ ఉండవు, వేలికి ముల్లు గుచ్చుకున్నా ఎవరూ అడగరు. పైన చెప్పానే, ఈ చైన్‌లో అన్నిటికన్నా ఎక్కువ నూనె ఉన్నది ఆ పండులోనే అని. కాబట్టి పండ్లు ఏరడాన్ని విడి పనిగా పెట్టండి, ఆడవాళ్లను వాళ్ల పేరు మీదే పనిలోకి తీసుకుని, గ్లవ్స్ ఇచ్చి, కిలో లెక్కన వాళ్ల ఖాతాలోకే డబ్బు వేయండి. పిల్లలు బడికి వెళ్లే ఏర్పాటు చేయండి.

ధర పడినప్పుడు

2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది, మే 23న మళ్లీ తెరిచింది. నెల కూడా గడవని ఆ రోజుల్లోనే మిల్లుల ట్యాంకులు నిండిపోయి, గెలల ధర పడిపోయి, చిన్న రైతులు రోడ్డెక్కారు. అలాంటప్పుడు మీరు ఎలా ప్రవర్తించారన్నది రైతు ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటాడు. ధర ఫార్ములా ముందే రాసి ఉంచండి, లాభం బాగున్న నెలల్లో కొంత పక్కన పెట్టి ధర పడిన నెలల్లో కోత కూలికి సాయపడే నిధి ఒకటి నడపండి.

ఇదంతా ఒకేసారి మొదలుపెట్టకండి. ఒక్క కలెక్షన్ సెంటర్ ఎంచుకోండి. మొదటి వారం ఏమీ మార్చకుండా ప్రతి లోడులో పచ్చి గెలల శాతం, కోసినప్పటి నుంచి మిల్లు చేరేదాకా పట్టిన గంటలు మాత్రం రాసుకోండి. రెండో వారం ధరల బోర్డు పెట్టి, రాలిన పండ్లకు విడిగా డబ్బు ఇవ్వడం మొదలుపెట్టండి. మూడు నెలల తర్వాత ఆ సెంటర్ గెలలను వీలైతే విడిగా ఆడించి, నూనె శాతమూ యాసిడ్ శాతమూ పాత లెక్కల పక్కన పెట్టి చూడండి. రెండో సెంటర్‌కు కావాల్సిన డబ్బు ఎంతో, అది ఎక్కడి నుంచి వస్తుందో ఆ కాగితమే చెబుతుంది.